మోటారుకు పట్టిన పెచ్చు ఎవరి ఖాతాలో రాయాలి?

మొన్న యాసంగి నాట్లప్పుడు నక్కవాగు ఒడ్డున ఒక ఊళ్లో కౌలురైతు బోరు మోటారు బయటికి తీస్తున్నారు. సంఘం పని మీద వెళ్లిన నేను, పైపు పట్టడానికి ఒక మనిషి తక్కువ పడితే చెయ్యి వేశాను. చిన్నతనంలో కూలికి చేసిన పనే గనుక కొత్తేమీ కాదు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైన్ కప్పీ కట్టి, ఒక్కొక్క పైపూ విప్పుకుంటూ లాగితే మధ్యాహ్నానికి గానీ మోటారు పైకి రాలేదు.

మెకానిక్ పంపు విప్పి ఇంపెల్లరును నా చేతిలో పెట్టాడు. నీళ్లు పోవలసిన దారులన్నీ మూసుకుపోయాయి. షాఫ్టు చుట్టూ తెల్లటి పెచ్చు, దాని మీద ఎర్రటి పాకుడు. "జూడన్నా, గిది ఇంపెల్లరా, సున్నం బట్టీల రాయా?" అన్నాడు. కౌలురైతు మాట్లాడలేదు. రెండేళ్లలో మోటారు తీయడం ఆయనకు ఇది మూడోసారి. నాటు వెయ్యడానికి వచ్చిన పన్నెండు మంది ఆడకూలీలు గట్టు మీద కాసేపు కూర్చుని, "నీళ్లొచ్చినంక కబురు జెయ్యి పటేలా" అని లేచి వెళ్లిపోయారు.

మెకానిక్ కూలీ, పైపులు లాగినవాళ్ల కూలీ, వైండింగు ఖర్చూ కౌలురైతు అప్పు పుస్తకంలోకి ఎక్కాయి. పన్నెండు మంది ఆడవాళ్ల ఆనాటి కూలి మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఈ వ్యాసం ఆ పెచ్చు గురించీ, ఎక్కని ఆ కూలి గురించీ.

సముద్రంలో పడవకూ ఇదే రోగం

విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మరపడవలు నడిపే మత్స్యకారులకు ఇలాంటి బాధే ఉంది. సముద్రపు నీటిలో బార్నకిల్ అనే ఒక చిన్న గుల్ల పురుగు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ తిరిగి, గట్టి చోటు దొరకగానే తల ఆనించి జిగురుతో అంటుకుపోతుంది. తన చుట్టూ సున్నపు చిప్పలు కట్టుకుంటుంది. పడవ అడుగునా, పంకా రెక్కల మీదా, షాఫ్టు మీదా ఇవి పేరుకుంటే పంకా నీటిని సరిగా తొయ్యలేదు. ఇంజను ఎక్కువ డీజిలు తాగుతుంది, పడవ మాత్రం నెమ్మదిగా పోతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలు ఒడ్డెక్కించి గుల్లలు గీకి, రంగు వేసుకుంటారు. ఉప్పునీరు షాఫ్టును తినకుండా దాని మీద జింకు దిమ్మ బిగిస్తారు. ఆ దిమ్మ తాను కరిగిపోతూ షాఫ్టును కాపాడుతుంది.

గుల్లలు పట్టకుండా ప్రపంచమంతటా పడవలకు కొన్నాళ్లు ఒక టిన్ను విషం కలిపిన రంగు పూశారు. పడవలు శుభ్రంగానే ఉన్నాయి. కానీ రంగులోని విషం నీటిలోకి దిగి ఆల్చిప్పలనూ నత్తలనూ చెడగొట్టింది. ఫ్రాన్సు తీరంలో ఆల్చిప్పలు పెంచుకుని బతికేవాళ్లు నష్టపోయి గగ్గోలు పెట్టారు. చివరికి 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చి, ఆ రంగును నిషేధించింది. ఒకడు తన షాఫ్టు శుభ్రంగా ఉంచుకోవడానికి చేసిన పని ఇంకొకడి నీటిని పాడు చేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మన పటాన్‌చెరు కథలో మళ్లీ వస్తుంది.

మన బోరులో పట్టేదేమిటి?

మన బోరులో బార్నకిల్ ఉండదు, అది సముద్రపు ప్రాణి. మన పంపుకు పట్టేవి ముఖ్యంగా మూడు రకాలు. ఏది పట్టిందో తెలియకుండా మందు వేస్తే డబ్బు దండగ.

మొదటిది సున్నపు పెచ్చు. భూమి లోపల నీటిలో సున్నం కరిగి ఉంటుంది. పంపు లాగినప్పుడు ఒత్తిడి తగ్గి నీటిలోని గాలి విడిపోతుంది, మోటారు వేడి కూడా తోడవుతుంది. అప్పుడు కరిగిన సున్నం రాయిగా మారి ఇంపెల్లరుకూ, జాలికీ, మోటారు ఒంటికీ అంటుకుంటుంది. పరీక్ష తేలిక. పెచ్చు మీద నిమ్మకాయ పిండండి. బుసబుస పొంగితే సున్నమే.

రెండవది ఎర్ర పాకుడు. నీటిలో ఇనుము ఉంటే దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు పెరిగి జిగటగా పేరుకుంటాయి. తోడిన నీరు బిందెలో పెడితే కాసేపటికి ఎర్రబడుతుంది, పైన నూనె తెట్టు లాంటి పొర తేలుతుంది. ఈ జీవులు ఒక బోరులో వాడిన పైపుల ద్వారా, తాళ్ల ద్వారా ఇంకో బోరులోకి పాకుతాయి.

మూడవది పెచ్చు కాదు, తినివేత. నీటిలో ఉప్పు గానీ పులుపు గానీ ఎక్కువైతే లోహం మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. ఇనుప పైపూ స్టీలు పంపూ కలిసినచోట ఉప్పునీరు తగిలితే ఇనుము ముందుగా పోతుంది.

మోటారు ముందే చెబుతుంది

ఇంపెల్లరు మూసుకుపోతే నీటి ధార సన్నబడుతుంది. బోరు ఎండిపోయిందనుకుని ఇంకా లోతుకు వేసినవాళ్లను చూశాను. అప్పు చేసి రెండో బోరు వెయ్యకముందు మొదటి పంపు విప్పి చూడండి. మోటారు ఒంటికి పెచ్చు పడితే దాని వేడిని నీరు లాగేయలేదు. దుప్పటి కప్పుకుని ఎండలో పని చేసినట్టు లోపల వైండింగు కాలిపోతుంది.

స్టార్టరు డబ్బా మీది ఆంపియర్ల ముల్లును రోజూ ఒకసారి చూసి గోడ మీద బొగ్గుతో రాసుకున్నా చాలు. ధార తగ్గి ఆంపియర్లు పెరుగుతుంటే షాఫ్టు బిగుస్తున్నదని అర్థం. ధారా ఆంపియర్లూ రెండూ తగ్గితే ఇంపెల్లరో జాలీయో మూసుకుపోతున్నట్టు, లేదా నీటి మట్టం దిగిపోయినట్టు. ఏదైనా సరే, మోటారు ఆపి చూడాలి. "ఎట్లనో నడుస్తుంది గదా" అన్నవాడి మోటారే కాలుతుంది.

గీకేటప్పుడు ప్రాణం జాగ్రత్త

పెచ్చును ఉలితో, సుత్తితో కొట్టవద్దు. ఇంపెల్లరు అంచు విరిగితే తూకం తప్పి మోటారు వణుకుతుంది, బుష్‌లు అరిగిపోతాయి. సున్నపు పెచ్చయితే పది లీటర్ల నీటికి అరకిలో నిమ్మ ఉప్పు కలిపి, విప్పిన భాగాలను రాత్రంతా నానబెట్టండి. తెల్లారి గట్టి బ్రష్‌తో రుద్దితే వదులుతుంది. తర్వాత వంటసోడా కలిపిన నీటితో, ఆ పైన మంచినీటితో కడగాలి.

చాలామంది బాత్రూం కడిగే యాసిడ్ వాడతారు. పెచ్చు తొందరగా పోతుంది గానీ అది స్టీలు షాఫ్టును కూడా తింటుంది. చేతులూ కళ్లూ ఊపిరితిత్తులూ పోగొట్టుకునేది మాత్రం పని చేసే కుర్రవాడే. తప్పనిసరై వాడితే నీటిలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయరాదు. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలి, గాలి వీపు వైపు నుంచి రావాలి. వాడిన నీళ్లను సున్నం కలిపి విరిచాకే పారబోయాలి, వాగులో కాదు.

ఎర్ర పాకుడుకు బ్లీచింగ్ పౌడరు పని చేస్తుంది. ఆరున్నర అంగుళాల బోరులో వంద అడుగుల నీరుంటే సుమారు 650 లీటర్లు. దానికి పావుకిలో తాజా పౌడరు సరిపోతుంది. బకెట్లో కలిపి, అడుగున సున్నం దిగాక పైతేట మాత్రమే బోరులో పోయాలి. ఒక రాత్రి ఉంచి, మరునాడు వాసన పోయేదాకా తోడి పారబోయాలి. ఆ నీళ్లు పశువులకు పెట్టరాదు, నారుకు పారించరాదు. బోరు నీటికే మందుల వాసన వస్తుంటే బ్లీచింగ్ జోలికి పోవద్దు, ముందు నీరు పరీక్ష చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపరాదు. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ గాలి మనిషిని చంపుతుంది.

పాతబావుల్లో మోటారు ఉన్న ఊళ్లకు ఇంకో హెచ్చరిక. ఫుట్‌వాల్వు మూసుకుపోయిందని కూలివాణ్ణి తాడు కట్టి బావిలోకి దింపుతారు. కుళ్లు చేరిన బావి అడుగున ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉండవచ్చు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు ఎక్కువైతే ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది, గాలి బాగయింది అనుకునేలోగా మనిషి పడిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. ఒకే బావిలో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు? ఫుట్‌వాల్వును పైపుతో సహా పైకి లాగాలి. "దిగను" అని చెప్పే హక్కు కూలికి ఉంది. ఆ మాట అన్నవాడి వెనక మిగతా కూలీలు నిలబడాలి.

పట్టకుండా ఏం చేయాలి?

ఏడాదికోసారి, పంట లేని రోజుల్లో పంపు తీసి శుభ్రం చేసుకోవడం అన్నిటికన్నా చవక. పంపును బోరు అడుగుకు ఆనించకుండా పైకి ఉంచాలి. మోటారు లోపల నింపే నీరు శుభ్రమైన మంచినీరై ఉండాలి. ఒక బోరు నుంచి ఇంకో బోరుకు పోయే ముందు తాళ్లూ పైపులూ పానాలూ బ్లీచింగ్ నీటితో కడగాలి. ఉప్పునీరు ఉన్నచోట ఇనుప పైపుల బదులు ప్లాస్టిక్ పైపులు మేలు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తామన్నారు. ఆటోస్టార్టరు పెట్టి రాత్రింబవళ్లు మోటారు వదిలేయడం అలవాటైంది. కరెంటు ఉన్నంతసేపూ భూమిలో నీరు ఉండదు. మట్టం దిగేకొద్దీ ఒత్తిడి తగ్గి పెచ్చు ఎక్కువగా పడుతుంది, చివరకు మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. ఊట చూసుకుని నడిపి ఆపితే మోటారూ బతుకుతుంది, పక్కవాడి బోరూ బతుకుతుంది.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడిదాకా చెప్పింది మన చేతుల్లో ఉన్నది. మన చేతుల్లో లేనిది కూడా చూడాలి. తెలంగాణ నేలలో సున్నపు నీరు కొత్తేమీ కాదు, ఫ్యాక్టరీ లేని ఊళ్లలోనూ పెచ్చు పడుతుంది. అన్ని పెచ్చులనూ కంపెనీల మీద వేస్తే మన మాటకు విలువ ఉండదు. కానీ 1970ల మధ్య నుంచి పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం పారిశ్రామికవాడలు లేచాక నక్కవాగు నీటిలో ఏం కలిసిందో లోకమంతా ఎరుగును. వాగు వెంట పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, లక్డారం, పెదకంజర్ల, చిట్కుల్ లాంటి ఊళ్లున్నాయి. ఆ నీరు చివరికి మంజీరలో కలుస్తుంది.

ఇక్కడ పడవ రంగు కథ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ఫ్యాక్టరీలో బాయిలరు ఉంటుంది. బాయిలరు గొట్టాలకు సున్నపు పెచ్చు పడితే పేలే ప్రమాదం ఉంది, బొగ్గు ఖర్చూ పెరుగుతుంది. అందుకని సున్నం తీసేసిన మెత్తని నీటినే వాడతారు. సున్నం పట్టుకునే గుళికలను మళ్లీ పనికి వచ్చేట్టు చేయడానికి ఉప్పునీటితో కడుగుతారు. ఆ కడిగిన నీటిలో వాళ్ల సున్నమూ ఉంటుంది, పోసిన ఉప్పూ ఉంటుంది. మందుల తయారీలో మిగిలే లవణాలు దానికి తోడు. అవన్నీ శుద్ధి చేయకుండా బయటికి వస్తే వాగులోకి, వాగులోంచి భూమిలోకి దిగుతాయి. వాళ్ల బాయిలరు శుభ్రంగా ఉంటుంది, మన మోటారు రాయి అవుతుంది. ఉప్పు మాయం కాలేదు, చేతులు మారింది, అంతే.

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. సూక్ష్మజీవులతో కుళ్లును తినిపించే పద్ధతి అది. కరిగిన ఉప్పును ఏ సూక్ష్మజీవీ తినదు. ఉప్పును విడదీయాలంటే నీటిని ఆవిరి చేయాలి, దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు తప్పించుకున్నప్పుడల్లా అది మన మోటారు మీద పడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం శుద్ధయి బయటికి వచ్చేచోట సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనబడింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మందు ఇంపెల్లరుకు అంటదు, కంటికి కనబడదు. పెచ్చు మాత్రం కనబడుతుంది, చేతికి దొరుకుతుంది. అందుకే దాన్ని గీకి పారేయకముందు కాగితంలో కట్టి దాచమంటున్నాను.

పరిహారంలో కూలి ఎక్కడ?

ఈ ప్రాంత ప్రజలు ఊరికే కూర్చోలేదు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ ఎ. కిషన్‌రావు లాంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. సంగారెడ్డి నుంచి జిల్లా జడ్జి విచారించి నివేదిక ఇచ్చాక రైతులకు పరిహారం వచ్చింది. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. పాడు చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్చరి గ్రామం కేసులో గట్టిగా చెప్పింది.

ఇవన్నీ పోరాడి గెలుచుకున్నవే, తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ పరిహారం ఎకరాల లెక్కన కట్టారు. ఎకరం లేనివాడికి లెక్కే లేదు. వాగు చెడిపోయి వరి పోయినప్పుడు నాటు పోయింది, కలుపు పోయింది, కోత పోయింది. అవన్నీ కూలి దినాలే. పట్టాదారు పేరు కాగితంలో ఉంది. కౌలురైతు పేరు లేదు. గట్టు మీద కూర్చుని లేచిపోయిన పన్నెండు మంది పేర్లు అసలే లేవు. పడవ షాఫ్టుకు కట్టిన జింకు దిమ్మలా అందరికన్నా ముందు కరిగిపోతున్నది వీళ్లు.

కనుక ప్రతి ఊళ్లో ఒక నోటుపుస్తకం పెట్టమని సంఘాలను కోరుతున్నాను. ఏ బోరు మోటారు ఏ తేదీన తీశారు, పెచ్చు ఎలా ఉంది, నీటి రంగూ వాసనా ఏమిటి, ఖర్చెంత, ఎందరికి ఎన్ని రోజుల కూలి పోయింది, పేర్లతో సహా రాయండి. చదువుకున్న పిల్లలు ఫోటో తీసి తేదీ వెయ్యండి. ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ తర్వాతా, నీటిని పరీక్ష చేయించండి. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఇది కేంద్ర ప్రమాణం. వాగుకు దగ్గరి బోరూ దూరపు బోరూ రెండింటి లెక్క పక్కపక్కన పెడితే, మన నేల సున్నం ఎంతో బయటినుంచి వచ్చిన ఉప్పు ఎంతో తేడా తెలుస్తుంది. రాత్రిపూట వాగులో ట్యాంకరు వదిలితే కాలుష్య నియంత్రణ మండలి అధికారిని పిలిచి, ఊరివాళ్ల ఎదుట నమూనా తీయించి పంచనామా రాయించండి. ఆ నమూనా ఫలితం సమాచార హక్కు చట్టం కింద అడగండి. హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడానికి 5 సంవత్సరాల గడువు ఉంది. తేదీ రాసుకోనివాడికి గడువు ఎప్పుడు మొదలైందో చెప్పుకునే దారి ఉండదు.

ఆ రోజు సాయంత్రం నిమ్మ ఉప్పు నీళ్లలో ఇంపెల్లర్లు నానబెట్టి ఇంటిదారి పట్టాం. నాలుగో రోజున నీళ్లు వచ్చాయి, నాటు పడింది. ఊడిన పెచ్చును కౌలురైతు ఒక డబ్బాలో పోసి, దాని మీద తేదీ రాయించి, సంఘం ఆఫీసులో ఇచ్చాడు. నాటు వేసిన ఆడవాళ్లలో ఒకామె అది చూసి అడిగింది: "మా మూడు దినాల కూలి గూడ గండ్ల రాసిన్రా అన్నా?" ఆ రోజే పన్నెండు పేర్లూ రాశాం. మీ ఊళ్లో పేర్లు మీరు రాయండి.